మధ్యాహ్నం ఛార్జింగ్ ఎక్కని 18 వోల్టుల బ్యాటరీ, గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు: ఏం చేయమంటారు?

బైరాగిపట్టెడ టీచర్:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. స్కూల్లో పాఠాలు చెప్తాను, సెలవుల్లో చెక్కపని చేసుకుంటాను. దసరాకి బొమ్మల కొలువు మెట్లు, స్కూల్లో పుస్తకాల అరలు, చుట్టాలకి పూజ పీటలు, ఇలాంటివి. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన రేకుల షెడ్డు వేయించుకుని అక్కడే పని. మేడ మీదికి వైరు లాగే బాధ ఉండదని 18 వోల్టుల డ్రిల్లూ, డిస్క్ తిప్పుతూ కోసే, అరగదీసే 4 అంగుళాల గ్రైండరూ కొన్నాం. రెండూ ఒకే కంపెనీవి. 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీలు రెండు, ఛార్జర్ ఒకటి.

మార్చి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట బ్యాటరీ పెడితే ఛార్జర్‌లో లైటు ఆగి ఆగి వెలుగుతుందే తప్ప ఛార్జింగ్ ఎక్కడం లేదు. అదే రాత్రి పెడితే ఎక్కుతుంది. కొన్న షాపులో అడిగితే బ్యాటరీని చేతిలోకి కూడా తీసుకోకుండా "పోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నారు. కంపెనీ బ్యాటరీ ధర వింటే గుండె గుభేలుమంది. ఆన్‌లైన్‌లో మా మిషన్‌కి సరిపోతుందంటూ 9 ఏహెచ్ ప్యాకు సగం ధరకే దొరుకుతోంది. తీసుకోవచ్చా?

రెండోది. మా ఇంటికి పనికి వచ్చే ఆచారి గారు ప్లైవుడ్ కోయడానికి వేరే మిషన్ దండగ, గ్రైండర్‌కే పళ్ళ బ్లేడు పెట్టుకోమంటున్నారు. ఆయన గార్డు తీసేసి అలాగే కోస్తారు. "ఇన్నేళ్ళుగా కోస్తున్నా, ఏమైంది?" అంటారు. ఆయన చేయి తిరిగిన మనిషి, నేను కాదు. నాకు ఆ శబ్దానికే టెన్షన్.

ఇంకో చిన్న విషయం. స్కూళ్ళు తెరిస్తే మళ్ళీ దసరా సెలవుల దాకా వీటిని ముట్టుకోను. అన్నాళ్ళూ బ్యాటరీలు ఫుల్‌గా ఉంచాలా, ఖాళీ చేసి ఉంచాలా? మా వారు ఛార్జర్‌లోనే వదిలేయమంటున్నారు.

రేణిగుంట రోడ్డు వైండింగ్:

మేడమ్, ముందుగా ఆ 9 ఏహెచ్ ప్యాకు కొనకండి. మిగతాది నిదానంగా చదవండి.

నాది మోటార్ వైండింగ్, పవర్ టూల్స్ రిపేర్ షాపు. ఏప్రిల్, మే నెలల్లో "పోయింది" అని నా బల్ల మీదికి వచ్చే బ్యాటరీల్లో చాలావాటికి ఎండ తప్ప వేరే జబ్బు ఉండదు. ప్యాకు లోపల వేడిని కొలిచే చిన్న ముక్క ఒకటుంటుంది, థర్మిస్టర్ అంటారు. బ్యాటరీ పెట్టగానే ఛార్జర్ ముందు దాన్ని చూసుకుంటుంది. వేడి ఎక్కువుంటే కరెంటు పంపకుండా ఆగిపోతుంది. ఈ హద్దు చాలా కంపెనీలకి 40, 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఊళ్ళో మే నెలలో నీడలోనే 40 దాటుతుంది, రేకు కింద సంగతి మీకే తెలుసు. పైగా అప్పుడే గ్రైండర్ నుంచి తీసిన బ్యాటరీ సొంత వేడితో ఉంటుంది. ఏ లైటు ఎలా వెలిగితే ఏమర్థమో ఛార్జర్ మీద స్టిక్కర్‌లో బొమ్మలతో ఉంటుంది చూడండి. వేడికి ఆగడం వేరు, బ్యాటరీ పాడైందని చూపించడం వేరు, రెండిటికీ లైటు వేరేగా వెలుగుతుంది.

ఛార్జర్‌ని షెడ్డులోంచి కిందికి తెచ్చేయండి. పని నుంచి తీసిన బ్యాటరీని ఫ్యాను కింద గచ్చు మీద ఓ గంట వదిలేసి, అప్పుడు పెట్టండి. తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు. బయటికి తీయగానే టెర్మినల్స్ మీద చెమ్మ పట్టి ఇంకో రోగం మొదలవుతుంది. చల్లారాక మామూలుగా ఎక్కితే మీ బ్యాటరీ బంగారం. చల్లగా ఉన్నా ఎక్కకపోతేనో, ఫుల్ చూపించి రెండు స్క్రూలకే చతికిలబడితేనో అప్పుడు అనుమానించండి.

ఇక 9 ఏహెచ్ లెక్క. మీ 4 ఏహెచ్ ప్యాకు విప్పితే మామూలుగా పెన్‌లైట్ సెల్స్ కంటే కాస్త పెద్దవి, 18650 అనే రకం, పది ఉంటాయి. ఐదు జతలు చేసి వాటిని వరసగా కలుపుతారు. ఒక్కోటి 3.6 వోల్టులు, ఐదింటికి 18. ఫుల్ ఛార్జింగ్‌లో ఒక్కోటి 4.2 దాకా వెళ్తుంది, అంటే 21. అందుకే ఒకడు డబ్బా మీద 18 అనీ, ఇంకొకడు 20 మ్యాక్స్ అనీ, మూడోవాడు 21 అనీ వేస్తాడు. సరుకు అదే. 48, 88 అని అచ్చేసి అమ్మేవాటిలో కూడా నేను విప్పి చూస్తే అవే ఐదు వరసలు. ఇలాంటి మిషన్లకి వాడే మంచి 18650 సెల్ ఒక్కోటి 3 ఏహెచ్ దాకా ఇస్తుంది. ఆ లెక్కన 9 ఏహెచ్ కావాలంటే ఐదు వరసలకి మూడేసి చొప్పున పదిహేను సెల్స్ ఉండాలి. ఒక్కో సెల్ 45 గ్రాముల పైచిలుకు, సెల్స్ బరువే 700 గ్రాముల దగ్గరికి రావాలి. ఎవరైనా కొనేసి ఉంటే వంటింటి కాటా మీద పెట్టి చూడండి, బండారం బయటపడుతుంది. బరువు ఒక్కటే కాదు, కొన్నిట్లో థర్మిస్టర్ కనెక్షనే ఉండదు, దాని చోట వేడెక్కినా పెద్దగా మారని ఒక రెసిస్టర్ టంకం వేసి ఛార్జర్‌ని మభ్యపెడతారు. అంటే మీ షెడ్డులో మంచి బ్యాటరీ ఆగిన చోట అది ఆగకుండా ఛార్జింగ్ తాగుతూనే ఉంటుంది. పక్కనే రంపపు పొట్టు. ఇంతకంటే చెప్పను.

నెలల తరబడి దాచేటప్పుడు ఫుల్లూ వద్దు, ఖాళీ వద్దు. ప్యాకు మీద లైట్లు నాలుగుంటే రెండు వెలిగేంత ఉంచి, మిషన్ నుంచి విడదీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టండి. ఫుల్‌గా ఉన్న లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదైపోతుంది. ఖాళీగా వదిలితే ఇంకా కిందికి జారి, ఛార్జర్ దాన్ని గుర్తించడమే మానేస్తుంది. అలా పడుకున్న ప్యాకుకి వేరే బ్యాటరీ నుంచి వైర్లు కలిపి "లేపే" వీడియోలు బోలెడున్నాయి. లోపల ఏ సెల్ దెబ్బతిందో తెలియకుండా కరెంటు తోయడం అది, చేయకండి. పూర్తిగా దించి మళ్ళీ ఎక్కించాలన్న పాత అలవాటు నికెల్ కాడ్మియం రోజులది, దీనికి అక్కర్లేదు. మీ వారి మాటకొస్తే, మంచి ఛార్జర్ నిండగానే ఆపుతుంది, నిజమే. అయినా నెలల తరబడి అందులో ఉంచి లాభమేంటి?

ఇప్పుడు పళ్ళ బ్లేడు. మీ ఆచారి గారి మీద గౌరవంతోనే చెప్తున్నా: వద్దు. మీ గ్రైండర్ మీద ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చూడండి, ఎనిమిది వేల పైన ఉంటుంది, వైరు గ్రైండర్లయితే పదకొండు వేలు. చెక్క కోసే కార్డ్‌లెస్ సర్క్యులర్ సా అయిదు వేల చుట్టుపక్కల తిరుగుతుంది. దానికి కింద బేస్ ప్లేటు ఉంటుంది, పైన గార్డు, కోత అవగానే పళ్ళని మూసేసే కింది గార్డు. గ్రైండర్‌కి ఉన్నది ఒక్క గార్డే, ఆ బేస్ ప్లేటూ లేదు, మూసుకునే కింది గార్డూ లేదు. రాపిడి డిస్క్ అయితే ఇనుము మీద అరుగుతూ పోతుంది. పళ్ళ బ్లేడు అరగదు, కొరుకుతుంది. ప్లైవుడ్‌లో మధ్య పొర గట్టిగా తగిలిందనో, ముక్క కిందికి వంగి చీలిక మూసుకుందనో అనుకోండి, పన్ను అక్కడ ఇరుక్కుంటుంది. మోటార్ మాత్రం తిరగాలనే చూస్తుంది. బ్లేడు తిరగలేకపోతే మిషనే తిరుగుతుంది, మీ తొడ మీదికో మెడ మీదికో. గార్డు ఎందుకు తీస్తారంటే బ్లేడు పెద్దదై పట్టదు కాబట్టి, గీత కనబడదు కాబట్టి.

పోయిన వేసవిలో నా దగ్గరికి ఒక గ్రైండర్ వచ్చింది. గార్డు లేదు, బ్లేడుకి రెండు పళ్ళు లేవు, గాలి రంధ్రాల్లో ఎండిన రక్తం. తెచ్చిన కుర్రాడి ఎడమ బొటనవేలికి కట్టు. స్విచ్ మార్చి ఇవ్వమన్నాడు. గార్డు తెస్తే మారుస్తానన్నా. మళ్ళీ రాలేదు, ఎక్కడో చేయించుకునే ఉంటాడు.

మీ కంపెనీలోనే జిగ్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసేది) కానీ చిన్న సర్క్యులర్ సా కానీ బ్యాటరీ లేకుండా మిషన్ ఒక్కటే అమ్ముతారు. ఆ సగం ధర డబ్బు అటు పెట్టండి, ఉన్న బ్యాటరీలే పనికొస్తాయి.

మాధవమాల చెక్కడం:

రేణిగుంట రోడ్డు అన్న చెప్పింది కరెక్టే. ఒక్క మాట కలుపుతా. చెక్క మీద గ్రైండరే వద్దని కాదు. ఉప్పు కాగితం ముక్కలు పేర్చిన ఫ్లాప్ డిస్క్, శాండింగ్ డిస్క్ పెట్టి నేను రోజూ వేప దుంగ మీద మొద్దుపని చేస్తా. గార్డు ఉంటుంది, పక్క హ్యాండిల్ ఉంటుంది, రెండు చేతులూ మిషన్ మీదే ఉంటాయి. ముక్కని కాలితో తొక్కి పట్టి కోసేవాళ్ళు మా దగ్గరా ఉన్నారు, వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ముక్కకి క్లాంప్ వేయండి అక్కా. ఇంకోటి, చున్నీ, జడ, చేతికి కట్టుకున్న కంకణం తాడు. మనూళ్ళో ప్రతి చేతికీ ఏదో ఒక తాడు ఉంటుంది కదా. పని మొదలుపెట్టేముందు చొక్కా చేతి లోపలికి నెట్టి బొత్తాం పెట్టుకోండి.

చిత్తూరు సైట్:

గ్రైండర్ గురించి అందరూ చెప్తారు, డ్రిల్ గురించి ఎవరూ చెప్పరు. వైరు లేదు కదా షాక్ కొట్టదు అనుకుని గోడలోకి దూరేవాళ్ళు బోలెడు. బ్యాటరీ 18 వోల్టులే, గోడలో వైరు 230. స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా ఆ వరసలో రంధ్రం వేయాల్సి వస్తే ఎంసీబీ (బోర్డులో ఆ లైను కరెంటు ఆపే స్విచ్) దించి వేయండి, మిషన్ బ్యాటరీదే కాబట్టి కరెంటు లేకపోయినా పని ఆగదు. బాత్రూం గోడలయితే పైపు ఎటు పోయిందో ముందు చూసుకోవాలి.

రెండోది మణికట్టు. స్లాబులో కడ్డీకి బిట్ తగిలి ఇరుక్కుంటే కొత్త బ్రష్‌లెస్ (కార్బన్లు లేని మోటార్) మిషన్ల టార్కుకి, అంటే తిప్పే బలానికి, చేయి మెలి తిరిగిపోతుంది. మా సైట్‌లో హెల్పర్ ఒకడు ఒంటి చేత్తో పట్టుకుని వేశాడు, నెల రోజులు పుత్తూరు కట్టుతో తిరిగాడు. పక్క హ్యాండిల్ డబ్బాలోనే ఉండిపోయింది, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. డ్రిల్ చేసేటప్పుడు గుడ్డ గ్లవ్స్ వద్దు, బిట్ చుట్టేసుకుంటుంది. స్క్రూలకి, బిట్‌ని పట్టుకునే చక్ దగ్గరి నంబర్ల రింగు తక్కువ నంబరులో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. సుత్తి గుర్తు గోడలకి, చెక్కకి వాడొద్దు.

గ్రానైట్, కాంక్రీటు అయితే ఎన్95 మాస్కు లేకుండా వద్దే వద్దు. ఆ సన్న దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో కూర్చుంటే మళ్ళీ బయటికి రాదు. కుప్పం వైపు రాతి పనిలో ఉన్నవాళ్ళని అడగండి.

పాకాల మామిడి:

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా, చెప్తున్నా రెండూ. మా తోటలో తోతాపురి కాయ కోత అయిపోయాక కొమ్మల కత్తిరింపుకి ఆన్‌లైన్‌లో 6 అంగుళాల బుల్లి చైన్ సా తెచ్చాం, 21 వోల్టులు అని రాసుంది. పని బ్రహ్మాండం. కూలీలు దొరకని రోజుల్లో దేవుడే. కానీ దానికి చైన్ బ్రేక్ (మిషన్ ఎగిరితే చైన్‌ని ఆపేది) లేదు, ఒంటి చేత్తో వాడేలా చేశారు. నిచ్చెన ఎక్కి, ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని కుడి చేత్తో కోయడం అందరికీ అలవాటైపోయింది. బార్ (చైన్ తిరిగే పలక) ముక్కు పై భాగం ఇంకో కొమ్మకి తగిలిందంటే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. మేం ఇప్పుడు అందినంత వరకే దాంతో, పై కొమ్మలకి పొడుగు కర్రకి బిగించిన రంపం.

మామిడి సొన గురించి ఎవరూ రాయరు. ఆ జిగురు చైన్‌కి పట్టి పొట్టుతో కలిసి గట్టిపడుతుంది, చైన్ బిగుసుకుని బ్యాటరీ కాలిపోయేంత వేడెక్కుతుంది. సాయంత్రం బ్యాటరీ తీసేసి, కవర్ విప్పి, కిరోసిన్ బ్రష్‌తో చైన్ మాత్రం కడిగి, ఆరాక ఆయిల్ వేస్తాం. చైన్‌ని మధ్యలో పట్టి పైకి లాగి వదిలితే టక్కున వెనక్కి వచ్చి బార్‌కి ఆనుకోవాలి. వేలాడితే వదులు. పొట్టు పలుకులుగా కాకుండా పిండిలా రాలుతుంటే పళ్ళు మొద్దుబారినట్టు, ఆకురాయి పట్టాలి. కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూయడం మిషన్ సంగతి కాదులే, అయినా మరిచిపోవద్దు.

అన్నా, నా ప్రశ్న: బ్యాటరీలు బైకు డిక్కీలో వేసుకుని తోటకి పోతాం, అందులోనే మేకులు, స్పానర్లు. పర్లేదా?

రేణిగుంట రోడ్డు వైండింగ్:

పర్లేదు కాదు సామీ. మేకు ఒకటి రెండు టెర్మినల్స్ మధ్య పడిందంటే చాలు, షార్టే. ప్యాకుతో వచ్చిన పసుపు మూతో నల్ల మూతో ఎక్కడో పడేసి ఉంటారు, అది వెతికి పెట్టండి. లేకపోతే విడిగా గుడ్డ సంచిలో వేయండి. ఎండలో నిలబెట్టిన బైకు డిక్కీ కూడా టీచర్ గారి రేకుల షెడ్డు లాంటిదే, తోటకి చేరగానే తీసి చెట్టు నీడన పెట్టండి. చైన్ మీద జిగురు తీసేటప్పుడు మీలాగే మోటార్ వైపు, ప్లాస్టిక్ బాడీకి కిరోసిన్ తగలకుండా చూసుకుంటే సరి. థిన్నర్, పెట్రోల్ అయితే ప్లాస్టిక్‌నే తినేస్తాయి.

మీరు రాసిన దాంట్లో "బ్యాటరీ తీసేసి" అన్న ముక్క నాకు నచ్చింది. వైరు మిషన్ అయితే ప్లగ్ పీకితే ఆగిపోయిందని కళ్ళకి కనబడుతుంది. దీనికి పీకడానికి ఏమీ లేదు, ట్రిగ్గర్ మీద వేలు పడితే ఎప్పుడైనా తిరుగుతుంది. బిట్ మార్చినా, డిస్క్ మార్చినా, చైన్ తాకినా, ఇంట్లో పిల్లలున్న చోట బల్ల మీద పెట్టినా, బ్యాటరీ బయటికి. ముఖ్యంగా గ్రైండర్లలో తోసే స్విచ్ ముందుకి పోయి అలాగే నిలబడిపోయే రకం ఉంటుంది. స్విచ్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ తోస్తే, రక్షణ లేని మిషన్ చేతిలోనే లేస్తుంది. స్విచ్ వెనక్కి ఉందో లేదో చూసుకునే బ్యాటరీ పెట్టాలి.

బైరాగిపట్టెడ టీచర్:

అందరికీ చాలా థాంక్స్. ఛార్జర్ కిందికి తెచ్చేశాను. నిన్న సాయంత్రం చల్లారాక పెడితే రెండు బ్యాటరీలూ మామూలుగా ఎక్కాయి. 9 ఏహెచ్ కార్ట్‌లోంచి తీసేశాను. జిగ్ సా చూస్తున్నాను. ఆచారి గారికి ఈ పేజీ చదివి వినిపించాను, నవ్వారు గానీ, గార్డు ఎక్కడుందో వెతుకుతానన్నారు.

ఇంకో రెండు అడగనా? డ్రిల్ వెనక రంధ్రాల్లోంచి నీలం మెరుపులు కనిపిస్తున్నాయి, ముందు ఇంతగా లేవు. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే దుమ్ము పోతుందని మా అబ్బాయి అంటున్నాడు. అలాగే గ్రైండర్ డిస్కులు ఓ పది కొని షెడ్డులోనే పెట్టాను. వానాకాలం అక్కడే ఉండొచ్చా?

రేణిగుంట రోడ్డు వైండింగ్:

మెరుపులు కనిపిస్తున్నాయంటే అది బ్రష్‌లెస్ కాదు, కార్బన్ల మోటార్, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే బొగ్గు ముక్కలున్నది. కొద్దిగా మెరుపు మామూలే. రింగులా చుట్టూ వెలుగుతూ, కాలిన వాసన వస్తుంటే కార్బన్లు అరిగాయి. చాలా మిషన్లకి పక్కన రెండు గుండ్రటి మూతలుంటాయి, వాటిని స్క్రూడ్రైవర్‌తో విప్పితే స్ప్రింగ్‌తో సహా కార్బన్ బయటికి వస్తుంది. కార్బన్ మీద హద్దు గీత ఉంటుంది, అక్కడి దాకా అరిగితే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే కాదు. మూతలు లేకపోతే మిషన్ విప్పాలి, అది నా బోటి వాడికివ్వండి. అరిగినవాటితో అలాగే తిప్పితే కార్బన్లు ఆనే రాగి రింగు, కమ్యుటేటర్, గీతలు పడి మోటార్‌లో తిరిగే భాగం, ఆర్మేచర్, పోతుంది, అప్పుడు కొత్త మిషన్ కొనుక్కోవడమే మేలనిపిస్తుంది.

గాలి విషయంలో మీ అబ్బాయి సగం కరెక్ట్. పంక్చర్ షాపు గాలిని దగ్గర పెట్టి ఫుల్ ప్రెషర్‌తో కొడితే దుమ్ము బేరింగుల్లోకి దూరుతుంది. చిన్న బ్లోయరో, మెత్తటి బ్రష్షో చాలు. దూరం నుంచి, రంధ్రాల వైపుకి, కళ్ళజోడు పెట్టుకుని. మీకు చూపు అద్దాలుంటే వాటి మీద పట్టే గాగుల్స్ దొరుకుతాయి. చూపు అద్దాలొక్కటే పక్కల నుంచి వచ్చే రవ్వని ఆపలేవు. టెర్మినల్స్ పొడి గుడ్డతో తుడవండి.

డిస్కులు షెడ్డులో వద్దు. రెసిన్‌తో అతికిన సరుకది, చెమ్మ తగిలితే బలం తగ్గుతుంది. అక్టోబర్, నవంబర్‌లో మన వైపు ముసురు పట్టిందంటే రేకుల షెడ్డు వారం దాకా ఆరదు. ఇంట్లో పొడి చోట, పడుకోబెట్టి ఉంచండి. మధ్యలో ఇనుప రింగు మీద నెల, సంవత్సరం అచ్చేసి ఉంటుంది, అది గడువు. మామూలుగా తయారైన మూడేళ్ళ వరకు. దాటితే పారేయండి. కింద పడిన డిస్క్ బయటికి బాగానే కనబడినా వాడొద్దు. 4 అంగుళాల డిస్క్ మీద 15 వేల పైచిలుకు ఆర్‌పీఎం రాసుంటుంది. అది మీ గ్రైండర్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. కొత్తది పెట్టగానే మనుషులెవరూ ఎదురుగా లేకుండా కాసేపు ఖాళీగా తిప్పి, అప్పుడు పని మీద పెట్టండి.

ఏ బ్యాటరీ అయినా నిజంగా పోతే చెత్త బండిలో వేయకండి, బండిలో నొక్కుడికి మంట లేస్తుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే. టెర్మినల్స్ మీద టేపు వేసి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. కార్బన్లు కొనేటప్పుడు పాత జత షాపుకి తీసుకెళ్ళండి. మోడల్ నంబర్ చెప్తే చాలంటారు గానీ, పొడవూ మందమూ పక్కన పెట్టి చూసుకుంటేనే సరిగ్గా దొరుకుతాయి.